గీతల కాపురం

ఒకటో రోజు

మాకు అప్పివ్వాల్సిన నీడ నిధి వాళ్ల కెమెరా కన్ను వాకిట్లో నాటిన కంబం మీద ఉంది. జరిగేదంతా అది చూసుకుంటుంది. అయినా మనిషి చేత్తో రాసిన పుస్తకం ఒకటి ఉండాలని వాళ్ల నియమం. మా ఇళ్ల సంఘానికి కార్యదర్శిని కాబట్టి ఆ పని నాకు పడింది. పేరు కుళ్లాయమ్మ. ఇంటర్ పాసయ్యాను. ఇరవై ఆరేళ్లు అద్దాల చేలల్లో అద్దాలు కడిగాను. ఎండను కరెంటు చేసే అద్దాలు అవి. మా చుట్టూ కనుచూపు మేర అవే.

మేం ముప్పై ఎనిమిది కుటుంబాలం. కంపెనీ రేకుల షెడ్లలో ఉంటున్నాం. ఈ నాలుగెకరాల్లో మూడంతస్తుల కట్టడం కట్టుకోవాలని ఐదేళ్ల కిందట అనుకున్నాం. కింది అంతస్తులో నూనె గానుగ, అంగళ్లు, బడి, నర్సమ్మ గది, ముసలివాళ్లున్న ఐదు ఇళ్లు. పైన మిగతా ఇళ్లు. పునాది కింద వాన నీళ్ల తొట్టి. గోడలకు శెనక్కాయ పొట్టు కలిపిన మట్టి దిమ్మెలు. ఖర్చులో మూడో వంతు మా వాటా. మిగతాది నీడ నిధి అప్పుగా ఇస్తుంది. గానుగ ఆదాయం, అంగళ్ల బాడుగ, మిద్దె మీద కరెంటు, వీటితో ఇరవై రెండేళ్లలో తీర్చాలి.

ఇచ్చేముందు నిధి ఒకటి అడుగుతుంది. కట్టబోయే కట్టడంలో ముందే పన్నెండు రోజులు కాపురం చేసి చూపించాలి. గోడలుండవు. నేల మీద సున్నం గీతలుంటాయి. పైన వల కట్టిన నీడ ఉంటుంది. అది నెగ్గితే అప్పు. నెగ్గకపోతే మార్చి నెలాఖరుకు స్థలం కౌలు తీరిపోతుంది, ఇక్కడా అద్దాలు నాటుతారు.

ప్లాను నేనే వేశాను. గీతలు ఎర్రిస్వామి మేస్త్రీ పోశాడు. మూడంతస్తులూ నేల మీద పక్కపక్కన పరిచాం. మెట్లకు బదులు మెలికలు తిరిగిన గీత ఒకటి ఉంది. దాని మీద నడిచి అలసి పైకి చేరాలి. లిఫ్టుకు నలుచదరపు గడి. అంతస్తుకు పదిహేను లెక్కపెట్టే దాకా అందులో నిలబడాలి. అందరి కాలికీ నిధి కడియం ఉంది. వాకిలి లేని చోట గీత దాటితే కడియం జివ్వుమంటుంది.

మా అత్త సుంకమ్మకు డెబ్బై ఎనిమిది. పై అంతస్తులో స్నేహితురాలిని చూడాలని లిఫ్టు గడిలో నిలబడింది. కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని, ఎదురుగా చూస్తూ నిలబడింది. పక్కన టీ అంగడి బాబయ్య ఊరుకోలేదు.

"అవ్వా, ఏ అంతస్తుకు వచ్చినావు?"

"మాట్లాడించొద్దురా, లెక్క తప్పుతాది. కళ్లు తిరుగుతాండాయి."

"నేల మీదనే కదవ్వా ఉండావు?"

"నీకేం తెలుసు. నువ్వు కింద ఉండావు."

రెండో రోజు

పొద్దున దిమ్మెలు ఒత్తే పని. మా ఇంటి వంతుకు నలభై. మధ్యాహ్నం ఎండకు ఎవరూ కదలలేదు. సాయంత్రం వంట చేశాను.

వంటగది గురించి ఒకటి రాయాలి. రేకుల షెడ్లలో పదకొండు కుటుంబాలకు ఒకటే పొయ్యిగది. నా వంతు వచ్చేసరికి ఎప్పుడూ ఎవరిదో చారు పొంగి పొయ్యి ఆరిపోయి ఉండేది. నా ఉప్పు డబ్బాలో ఇరవై ఆరేళ్లు పది మంది చేతులు. ఈ ప్లానులో మా వంటగది నాలుగు గోడలూ నేనే స్కేలు పెట్టి గీసుకున్నాను. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముందు గోడ పెద్ద వాకిట్లోకి, వెనక గోడ గానుగ దొడ్డి వైపు. రెండింటికీ వాకిలి పెట్టలేదు. ఇంట్లోంచే రావాలి.

ఈ రోజు అందులో ఒక్కదాన్నే కూర్చుని రాగి ముద్ద కెలికాను. ఎవరూ రాలేదు. గోడలు లేకపోయినా గోడలున్నట్టే ఉంది.

మూడో రోజు

కంబానికి ఒక పలక ఉంది. అందులో ఏ రోజుకా రోజు రెండు అంకెలు వస్తాయి. పైది, గోడ దాటిన అడుగులు. కిందిది, కలిసిన పనులు. అంటే ఒక్కో చోటికి ఎన్ని రకాల పనుల మీద మనుషులు వచ్చారో నూటికి ఇంత అని. ఈ రోజు పైన ఆరు, కింద నలభై ఒకటి.

ఆరు చూసి సంబరపడ్డాం. రోజంతా ముప్పై ఎనిమిది కుటుంబాలు కలిసి ఆరే అడుగులు తప్పాయంటే తక్కువ పని కాదు. మాకు గీత అంటే భయం ఎక్కువ. అద్దాల వరసల మధ్య పసుపు గీత ఉంటుంది. అది దాటితే కంపెనీ కడియం జివ్వుమనేది, సగం రోజు కూలి పోయేది. ఇదీ అదే జివ్వు.

ఆ ఆరూ మా అత్తవే.

ఐదో రోజు

పైన సున్నా. కింద ఇరవై ఎనిమిది.

ఈ రోజు మా అందరికీ గోడలు బాగా అలవాటయ్యాయి. బాబయ్య గ్లాసు జారి దొర్లి గీత అవతల పడింది. రెండు జానల దూరం. అతను పొయ్యి ఆపి, టీ అంగడి వాకిట్లోంచి బయటికొచ్చి, బడి చుట్టూ తిరిగి వెళ్లి గ్లాసు తెచ్చుకున్నాడు. అందరం మెచ్చుకున్నాం.

మా ఆడబిడ్డ అంజినమ్మది గానుగ. వరసగా ఉన్న ఐదిళ్ల వెనక దాని దొడ్డి. పెద్ద వాకిట్లోంచి అక్కడికి పోవాలంటే ఇళ్ల వరస చివరిదాకా పోయి తిరిగి రావాలి. రెండు వందల పది అడుగులు. గానుగ మోత ఇళ్లకు వినబడొద్దని అట్లా పెట్టానని అందరికీ చెప్పాను.

సాయంత్రం అంజినమ్మ గీత అవతలి నుంచే మాట్లాడింది. ఆమె నాకు మూడు గజాల దూరంలో ఉంది.

"వదినా, ఐదు దినాలైంది. మీ అన్నం వాసన నాకొస్తాది, నేను నీకు కనపడను. ఎట్లుండాదంటే ఊరవతల కాపురం పెట్టినట్టుండాది."

"శెనక్కాయలు రానీలే. నూనెకు అందరూ వస్తారు."

"రెండు నూర్ల అడుగులు తిరిగి యాలకు వస్తారమ్మా? కంపెనీ వ్యాను మీద ప్యాకెట్ నూనె వస్తాది."

నేను పొయ్యి వైపు తిరిగాను. చారు పొంగుతోంది.

ఏడో రోజు

నిధి నుంచి వకుళ మేడం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. పలక చూసింది. పైన సున్నా, కింద పందొమ్మిది.

టీ తెచ్చిచ్చాం. గీతలన్నీ తప్పించుకుంటూ బాబయ్య వచ్చేసరికి చల్లారింది.

"కుళ్లాయమ్మ గారూ, ఎంత మంది పైనించి కింది అంతస్తుకు దిగుతున్నారు?"

"అవసరముంటేనే దిగుతారు మేడం. తప్పు అడుగు ఒక్కటి కూడా లేదు, చూడండి."

ఆమె పలక మీంచి నా వైపు తిరిగింది.

"తప్పు అడుగని మీకెవరు చెప్పారండీ?"

కడియం జివ్వుమంటోంది కదా అన్నాను. ఆమె సంచిలోంచి ఒప్పంద పత్రం తీసి తొమ్మిదో పేజీ చూపించింది. గోడ దాటిన అడుగుకు జరిమానా ఏమీ లేదు. జనం ఎక్కడ దాటితే అక్కడ వాకిలి కావాలని తెలుసుకోవడానికే ఆ లెక్క. అప్పు సంగతి తేల్చేది కింది అంకె. చివరి మూడు రోజులూ అది యాభై ఐదు పైన ఉండాలి. లేకపోతే అంగళ్లు నడవవు, గానుగ నడవదు, అప్పు తీరదు. అందుకే ఇవ్వరు. ఆ పత్రం నేనూ చదివాను. అప్పు, వాయిదాల అంకెల వరకే చదివాను.

"పదో రోజు పొద్దున ఎనిమిదికి గీతలు ఖాయమవుతాయి. ఆ తర్వాత గోడలోంచి పోయిన అడుగును కన్ను లెక్కలోకి తీసుకోదు. వాకిట్లోంచి పోయిందే లెక్క. ఈ లోపల ఎన్ని గీతలైనా మార్చుకోండి. ఒకటే నియమం, ఎవరి గోడ వాళ్లే ఊడ్చాలి. ఒకరి గోడ ఇంకొకరు ముట్టకూడదు."

పోతూ పోతూ అంది. "రాయితో కట్టాక చెరపలేరనే కదండీ సున్నంతో గీయించేది."

ఎనిమిదో రోజు

పొద్దున్నే అందరినీ పిలిచి చెప్పాను. గోడలు దాటొచ్చు, దాటాలి, దాటితేనే అప్పు అని.

ఎవరూ కదలలేదు. ఎర్రిస్వామి ఒక కాలు ఎత్తి గీత మీద పెట్టబోయి మళ్లీ దించాడు. "జివ్వుమంటాదక్కా. వద్దులే. కాలే పోవడం లేదు."

చివరికి బాబయ్య మనుషులను వరసలో నిలబెట్టాడు. ఒకరి వెనక ఒకరు ఇరవై రెండు మంది. అతను "ఒకటీ" అంటే అందరూ ఒక గీత దాటారు. "రెండూ" అంటే ఇంకోటి. కడియాలన్నీ ఒకేసారి జివ్వుమంటే ఈగల గుంపు లేచినట్టయింది. కొందరు కళ్లు మూసుకున్నారు. బడి పిల్లలు చప్పట్లు కొట్టారు.

పలక మీద ఇట్లా వచ్చింది: పని లేని అడుగులు, లెక్కకు రావు.

"కంటికి తెలుస్తాది రోయ్," అన్నాడు బాబయ్య. "మా ఆవిడ మాదిరే ఉండాది."

అందరూ నవ్వారు. కింద అంకె పదిహేడు.

తొమ్మిదో రోజు

కొత్త శెనక్కాయలు ఈ రోజు వచ్చాయి. అంతదాకా గానుగ ఖాళీగా ఉంది. తొమ్మిదింటికి అంజినమ్మ కరెంటు వేసింది. కట్టె గానుగ కిర్రుమని తిరగడం మొదలుపెట్టింది. పదింటికి వాసన వచ్చింది.

మా అత్త వంటగదిలో పీట మీద కూర్చుని ఉంది. ముక్కెత్తింది. పీట మీద నుంచి లేచింది. వెనక గోడలోంచి నేరుగా నడిచిపోయింది. కడియం జివ్వుమంటూనే ఉంది. ఆమె ఆగలేదు.

"అమ్మా! గోడ! గోడమ్మా!" అని అంజినమ్మ అరిచింది.

"గోడ యాడుండాదే? ఉంటే తగలదా నాకు?"

పోయి గానుగ దగ్గర చతికిలబడి చెయ్యి చాపింది. అప్పుడే దిగిన చెక్క, నూనె పిండగా మిగిలిన శెనక్కాయ పిప్పి. వేడిగా, నూనె కారుతూ ఉంటుంది. అంజినమ్మ ఇంత పిడికెడు తీసి, బెల్లం ముక్క పెట్టి ఇచ్చింది. మా అత్తకు పళ్లు నాలుగే. కళ్లు మూసుకుని నమిలింది.

"నా పెండ్లప్పుడు తిన్న్యా ఇట్లా చెక్క," అంది. "మీ నాయిన దొంగతనంగా తెచ్చిచ్చినాడు."

"ఎవరి గానుగలోనమ్మా?"

"మీ తాతదే. వాళ్ల ఇంట్లో వాళ్లే దొంగలు."

అక్కడికి మొదట వచ్చింది బాబయ్య. పెద్ద వాకిట్లోంచి మా వంటగది ముందు గోడ దాటి, వెనక గోడ దాటి వచ్చాడు. దాటినట్టు అతనికి తెలియలేదు. చెక్క తిని, టీ లేకుండా దీన్ని ఎట్లా తింటారని వెనక్కి పోయి పొయ్యి తెచ్చాడు. అదీ మా వంటగదిలోంచే. బడి పిల్లలు వచ్చారు. వాళ్లను పిలవడానికి పంతులమ్మ వచ్చింది, రెండు చెక్క ముక్కలు తినింది, పాఠం అక్కడే చెప్పింది. నర్సమ్మ వచ్చి గానుగ తక్కెట్లో ఇద్దరు పసిపిల్లలను తూచుకుంది. పై అంతస్తు వాళ్లు మెలికల గీత మీద నడిచే ఓపిక లేక లిఫ్టు గడిలో పది మంది కుక్కుకుని లెక్క తొందరగా పెట్టారు. మధ్యాహ్నానికి గానుగ దొడ్డిలో అల్లిక, గింజలు ఒలవడం, బేరాలు, రెండు పాత తగాదాలు, ఒక పెళ్లి మాట అన్నీ జరుగుతున్నాయి. కడియాలు ఎంత జివ్వుమన్నా ఎవరికీ వినబడలేదు.

నేను వంటగదిలో ఉన్నాను. నా పొయ్యి పక్క నుంచి అందరూ పోతూ వస్తూ ఉన్నారు. నా గీతలు రెండూ చీర అంచులకు అంటి చెరిగిపోయాయి. సాయంత్రానికి అక్కడ సున్నం లేదు. దారి ఉంది.

పలక: పైన పద్నాలుగు వందల ఆరు. కింద అరవై మూడు.

అందరూ ఈలలు వేశారు. నేనూ నవ్వాను. తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. రేపు ఎనిమిదికి గీతలు ఖాయం. గానుగకు దారి వాకిళ్లతో ఉండాలి. ఉండకపోతే రేపటి నుంచి కింది అంకె మళ్లీ పదిహేడే.

పదో రోజు

ఆరింటికి ఎర్రిస్వామి వచ్చాడు. దారం, సున్నం డబ్బా తెచ్చాడు. ఐదిళ్ల వరసలో వేరే చోట సందు తియ్యమన్నాను. అతను ప్లాను నేల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు.

"ఇది మోసే గోడ. దీని మీద రెండంతస్తులుండాయి. ఇదీ మోసేదే. ఇదీ. ఇదీ. ఈ వరసంతా చూసినా అక్కా. ఏమీ మోయని గోడలు నీ వంటగదివే."

"చివరన తీస్తే?"

"చివరనే కదా ఇప్పుడుండేది. రెండు నూర్ల పది అడుగులు."

నేను వేసిన ప్లాను. మోత వినబడొద్దని చెప్పి నేను దూరంగా పెట్టిన గానుగ. మోత కోసం కాదు. నా వంటగది దగ్గరికి ఎవరికీ పని ఉండకూడదని అట్లా గీశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. పుస్తకం కాబట్టి రాస్తున్నాను.

ఏడున్నరకు అందరూ పెద్ద వాకిట్లో నిలబడి ఉన్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా గోడ నేనే ఊడ్చాలి, ఇంకొకరు ముట్టకూడదు. నేను ఊడ్చనంటే ఎవరూ చేసేది లేదు. అందరికీ అది తెలుసు.

మా అత్త పొరక తెచ్చింది. నా చేతికివ్వలేదు. పొయ్యి పక్కన ఆనించి పెట్టింది.

"కుళ్లాయమ్మా," అంది, "ఇరవై ఆరేండ్లు ఆ షెడ్లో నీకు వంతు రాలేదు. నాకు తెలుసు. నీకిష్టం లేకుంటే వద్దు. ఇంకా కొన్నేండ్లు రేకుల్లోనే ఉందాం."

ఆమె ఊరికే అనలేదు. అట్లా ఉండగలదు కూడా.

పొరక తీసుకున్నాను. నిన్న కాళ్లకు చెరిగిపోయిన గీతలను ఎర్రిస్వామి రాత్రే మళ్లీ పోసి ఉంచాడు, గోడ ఉన్నట్టు కంటికి కనబడాలి కదా. ముందు గోడ ఊడ్చాను. సున్నం లేచి ముక్కులోకి పోయి తుమ్మాను. వెనక గోడ ఊడ్చాను. ఎక్కువసేపు పట్టలేదు. అవతల గానుగ దొడ్డిలో ఇంకో పొరక చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే అంజినమ్మ దొడ్డిలో తన గింజల గది గోడ ఊడుస్తోంది, మా ఇంటి వైపుది.

"అది నీ గింజలు పెట్టుకునే గది కదా, దాన్నెందుకు?"

"నీ పొయ్యి ఈ పక్కకు జరుపుకో వదినా. మూడు గజాలు వస్తాది. దారి దారే, పొయ్యి పొయ్యే. నా గింజలు మిద్దె మీద ఎండుకుంటాయి."

"మిద్దె మీదికి ఎవరు మోస్తారు?"

"లిఫ్టుండాది కదా. పదహైదు లెక్కపెట్టేది."

ఎనిమిదికి మూడు నిమిషాలుందనగా ఎర్రిస్వామి కొత్త గీతలు పోశాడు. మా వంటగది పోయి అక్కడ సందు వచ్చింది, రెండు వైపులా వాకిళ్లు. సందు పక్కన మూడు గజాల పొయ్యి చోటు. దానికి మూడు గోడలు. నాలుగోది లేదు.

సాయంత్రం అంకె అరవై ఎనిమిది.

పదకొండో రోజు

డెబ్బై రెండు. దిమ్మెలు నలభై ఒత్తాను. సందులో ఎవరో చెంబెడు నీళ్లు ఒలకబోశారు. తిట్టాను.

పన్నెండో రోజు

డెబ్బై నాలుగు.

వకుళ మేడం ఐదింటికి వచ్చింది. పెద్ద వాకిట్లో నిలబడి చదివింది. నీడ నిధి అప్పు మంజూరు, మొదటి విడత పునాదికీ నీళ్ల తొట్టికీ, సోమవారం. చదవడం అయ్యేలోపే అరుపులు మొదలయ్యాయి కాబట్టి చివరి మూడు వాక్యాలు ఎవరూ వినలేదు. నేను తర్వాత చదువుకున్నాను. ఈసారి పేజీలన్నీ.

కడియాలు విప్పి బుట్టలో వేశాం. మా అత్త ఇవ్వనంది. జివ్వుమంటే మోకాలి నొప్పి తగ్గుతోందట. మేడం నవ్వి ఉంచుకోమంది.

బాబయ్య డబ్బా వాయించాడు. మగవాళ్లూ ఆడవాళ్లూ ఎగిరారు. గీతలు ఖాయమైపోయాయి కాబట్టి ఎవరూ చూసుకోకుండా ఎగిరారు. చీకటి పడేసరికి మూడంతస్తులూ కలిసి ఒకటే తెల్లటి నేల అయింది. మా కాళ్లన్నీ మోకాళ్ల దాకా సున్నమే.

పదహారు నెలల తర్వాత

పుస్తకం ఇక్కడితో ఇచ్చేయాలి. నిధి వాళ్లు చివరి పేజీ కట్టడం పూర్తయ్యాక రాయమన్నారు.

పూర్తయింది. గోడలు మందంగా ఉన్నాయి. బయట నలభై ఏడు డిగ్రీలుంటే లోపల ముప్పై ఒకటి. తొట్టిలో తొమ్మిది అడుగుల నీళ్లున్నాయి. గానుగ మూడు పూటలా తిరుగుతోంది. ఈ నెల వాయిదా ముందే కట్టాం.

మా అత్త నిజం లిఫ్టు ఎక్కింది. దిగి వచ్చి బాగాలేదంది. "ఆ గీతల లిఫ్టే మేలు. కదిలేది కాదు."

సందులో ఈ రోజు పొద్దున్నించి ఎంత మంది పోయారో లెక్కపెట్టాను, పుస్తకం కోసం. తొంభై రెండు మంది. నా పొయ్యికి మూడు గోడలున్నాయి. నాలుగో వైపు ఎర్రిస్వామి చిన్న అరుగు కట్టిచ్చాడు, నేను అడగకుండానే. ఉప్పు డబ్బా దాని మీద ఉంటుంది. దానికి మూత పెట్టాను.

ఇప్పుడే పప్పులో పోపు వేస్తుంటే వెనక నుంచి ఎవరో గరిటె తీసుకుని, ఇంత నాకి చూసి పోయారు. పొగలో మొహం కనబడలేదు. గానుగ వైపు వాకిట్లోంచి మాట మాత్రం వినబడింది.

"ఉప్పు సరిపోయిందక్కా."

రుచి చూశాను. సరిపోయింది.